‘ఐడల్’ అనే మాట – విగ్రహం అనే తత్త్వం

ఆషాఢమాసంలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి బోనాలు సమర్పింపబడినపుడు, భాద్రపదమాసంలో హుస్సేన్ సాగరంలో గణపతి నిమజ్జనం జరిగినపుడు ఆంగ్లపత్రికలలో ఒక పదం తప్పక దర్శనమిస్తుంది. అదే ‘ఐడల్’. పత్రికలే కాదు, మన దేవాలయాల వారు ఆంగ్లంలో ముద్రించే ఆహ్వానపత్రికలలోనూ, న్యాయస్థానాల తీర్పులలోనూ, ఆంగ్లమాధ్యమంలో చదువుకునే మన పిల్లల వ్యాసాలలోనూ అదే మాట. మనం అర్చించే దైవాన్ని మనమే ఆ పేరుతో పిలుస్తున్నాము. కాబట్టి ఆ శబ్దం ఎక్కడ పుట్టినది, ఏయే అర్థాలను ధరించినది, మన నోటికి వచ్చేసరికి ఏ భావాన్ని మోసుకొని వచ్చినది అని విచారించుట ఆస్తికులందరికీ అవసరము.

ఇది కేవలం నిఘంటువుకు సంబంధించిన చర్చ కాదు. తన తల్లి ప్రతినిత్యం చేసే పూజను ఆంగ్లంలో వర్ణించవలసి వచ్చిన పిల్లవాడు ‘మేము ఐడల్స్‌ను పూజిస్తాము’ అని వ్రాస్తాడు. ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. కానీ ఆ పదానికి గల రెండువేల సంవత్సరాల చరిత్ర తెలిసినవారు దానిని చదివితే, ఆ పిల్లవాడు తన తల్లి మిథ్యాదైవాన్ని పూజిస్తున్నదని తానే సాక్ష్యం చెప్పినట్లు అవుతుంది. అతనికి ఆ సంగతి తెలియదు. తెలియజేయవలసిన బాధ్యత పెద్దలది.

శబ్దమూలం

‘ఐడల్’ అనే పదానికి మూలం ‘ఎయ్డోలోన్’ అనే గ్రీకు శబ్దం. అది లాటిన్‌లో ‘ఈడోలుమ్’ అయి, ప్రాచీన ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లంలో ప్రవేశించినది. ఎయ్డోలోన్‌కు ఆధారం ‘ఎయ్డోస్’, అనగా రూపము, కంటికి కనిపించే ఆకృతి. దానికి మూలమైన ధాతువుకు ‘చూచుట’ అని అర్థం. భాషాశాస్త్రజ్ఞులు ఆ ధాతువును సంస్కృతంలోని ‘విద్’ ధాతువుకు సోదరిగా గుర్తించారు. చూచినవాడే తెలిసినవాడు కనుక దర్శనార్థకమైన ఆ మూలధాతువు సంస్కృతంలో జ్ఞానార్థకమై నిలిచినది. వేదం, విద్య, విద్వాంసుడు అనే మన మాటలు దాని సంతానమే. లాటిన్‌లో అది ‘చూచుట’ అనే అర్థంతోనే ఉండి, నేడు మనం అనునిత్యం వాడే ‘వీడియో’కు, ‘విజన్’కు జన్మనిచ్చినది. గ్రీకులో దానినుండియే ‘ఐడియా’ కూడ పుట్టినది.

కనుక వేదం, ఐడియా, వీడియో, ఐడల్ అనే నాలుగు పదాలూ ఒకే వంశవృక్షపు శాఖలు. అందులో ‘ఐడియా’ తత్త్వవేత్తల గౌరవాన్ని పొందినది. ‘ఐడల్’ మాత్రం నిందకు గురియైనది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి సింహాసనం, ఒకరికి వనవాసం. ఇది ఎట్లు సంభవించినది?

ఛాయ నుండి మిథ్యాదైవం వరకు

హోమరు కావ్యాలలో ఎయ్డోలోన్ అనగా దేవతామూర్తి కాదు, మృతుల ఛాయ. పాతాళలోకంలో ఒడిస్సియస్ తన తల్లిని చూచి మూడుమార్లు కౌగిలించుకొనబోగా ఆమె నీడవలె జారిపోతుంది. చూపునకు అందుతుంది, చేతికి అందదు. అదే ఎయ్డోలోన్.

యూరిపిడీస్ రచించిన ‘హెలెన్’ నాటకంలో ట్రాయ్ నగరానికి వెళ్ళినది నిజమైన హెలెన్ కాదు, ఆమె ఎయ్డోలోన్ మాత్రమే. నిజమైన హెలెన్ ఈజిప్టులో సురక్షితంగా ఉన్నది. ఈ కథ వినగానే మన పాఠకులకు అధ్యాత్మరామాయణంలోని మాయాసీత స్ఫురించక మానదు. అక్కడ రావణుడు అపహరించినది ఛాయను, నిజమైన సీత అగ్నిలో భద్రంగా ఉన్నది. గ్రీకుల ఎయ్డోలోన్‌కు సరియైన సంస్కృతపదం ‘విగ్రహం’ కాదు, ‘ఛాయ’ అని ఈ సామ్యమే తెలుపుతున్నది.

ఎపిక్యూరస్ మతానుయాయులు మరొక అర్థం చెప్పారు. ప్రతి వస్తువు నుండి అతిసూక్ష్మమైన పొరలు నిరంతరం వెలువడి మన కంటిని చేరుట వలననే మనకు చూపు కలుగుతున్నదని వారి సిద్ధాంతం. ఆ పొరలకు వారు పెట్టిన పేరు కూడ ఎయ్డోలోన్ అనే పదమే. ఇందులో నిందాభావం లేశమైనా లేదు.

నింద ప్రవేశించినది అనువాదం ద్వారా. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుండి అలెగ్జాండ్రియాలో యూదుల పవిత్రగ్రంథాలు హీబ్రూ నుండి గ్రీకులోనికి పరివర్తింపబడినవి. హీబ్రూలో అన్యదేవతల ప్రతిమలను గురించి చెప్పే పదాలు అనేకం ఉన్నవి. వాటి అర్థాలు ఒకదానికొకటి భిన్నమైనవి. అనువాదకులు వాటిలో పెక్కింటికి ఎయ్డోలోన్ అనే ఒక్క పదాన్నే వాడారు. ‘సారం లేని నీడ’ అనే పాత అర్థం వారి ఉద్దేశానికి చక్కగా సరిపోయినది. తరువాత క్రైస్తవసంప్రదాయం ఆ పదాన్ని స్వీకరించి, దానికి ‘సేవ’ అనే అర్థమిచ్చే పదాన్ని జోడించి ‘ఐడలట్రీ’ అనే పాపానికి పేరు పెట్టినది. నాటినుండి ‘ఐడల్’ అనేది ఒక వస్తువును వర్ణించే మాట కాక, తీర్పు చెప్పే మాట అయినది. ఎవరూ తమ దైవాన్ని ఆ పేరుతో పిలుచుకోలేదు, ఎదుటివాని దైవాన్ని మాత్రమే పిలిచారు.

ఇటువంటి చరిత్ర మరొక భాషలోనూ ఉన్నది. నిజాం సికందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన సికింద్రాబాదు ‘లష్కర్’గా ప్రసిద్ధికెక్కినది. ఆంగ్లసేనల భాషతో పాటు ఉర్దూ కూడ ఈ వీధులలో వ్యవహరింపబడినది. ఉర్దూలో ప్రతిమను ‘బుత్’ అంటారు. అది పారశీకం నుండి వచ్చినది. ఆ పారశీకపదం ‘బుద్ధ’ నామం నుండి ఉద్భవించినదని భాషావేత్తల అభిప్రాయం. మధ్య ఆసియాలో పారశీకులు చూచిన ప్రతిమలు బుద్ధునివే కావడం వలన ఆయన పేరే ప్రతిమకు పర్యాయపదమైనది. నేడు హుస్సేన్ సాగరం నడుమ నిలిచిన ఏకశిలాబుద్ధుడు 1990లో నీట మునిగి, 1992లో వెలికితీయబడి ప్రతిష్ఠింపబడ్డాడు. ఆయన చుట్టూ ఉన్న జంటనగరాలలో ఆయన పేరే సామాన్యనామమై పలుకబడుతున్నది. హిందీ చలనచిత్రగీతాలలో మారుమోగే ‘సనమ్’ అనే ప్రేమపదానికి కూడ మూలార్థం ప్రతిమయే. నిందించుటకు వాడిన మాటనే కవులు ప్రియురాలికి పేరుగా పెట్టుకున్నారు.

ఆంగ్లంలోనూ అదే జరిగినది. 2010లో మన తెలుగు గాయకుడు శ్రీరామచంద్ర ‘ఇండియన్ ఐడల్’గా ఎన్నికైనపుడు ఎవరూ దానిని నిందగా భావించలేదు. అక్కడ ఐడల్ అనగా అభిమానులు ఆరాధించే తార. చూడండి! మనుష్యుడు ఐడల్ అయితే కీర్తి, దైవం ఐడల్ అయితే అపకీర్తి. ఈ వైపరీత్యం ఆ పదం యొక్క చరిత్రలోనే దాగియున్నది.

మన శబ్దసంపద

మన శాస్త్రాలు ఒక్క మాటతో సరిపెట్టలేదు. ఒక్కొక్క పదం ఒక్కొక్క తత్త్వకోణాన్ని చూపుతుంది. కొలతలను అనుసరించి నిర్మింపబడినది ‘ప్రతిమ’. నిరాకారమైనది ఘనీభవించి ఆకృతి దాల్చినది ‘మూర్తి’. పూజను స్వీకరించుటకై భగవంతుడు తానే దిగివచ్చిన రూపం ‘అర్చ’. పాంచరాత్రాగమం పర, వ్యూహ, విభవ, అంతర్యామి రూపాలతో పాటు దీనిని అయిదవ స్థితిగా పరిగణించినది. ‘లింగం’ అనగా చిహ్నం. పొగ నిప్పునకు లింగమైనట్లు, కనిపించేది కనిపించని దానిని తెలుపుతుంది. వైఖానసాగమం ‘బేరము’ అంటుంది. తిరుమలలో ధ్రువ, కౌతుక, స్నపన, ఉత్సవ, బలి అని అయిదు బేరాలు, అయిదు కార్యాలు, ఒక్కడే స్వామి. సాలగ్రామానికి మనుష్యాకృతి లేదు, ప్రాణప్రతిష్ఠయు అక్కరలేదు.

‘బింబం’ అనే పదాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గ్రీకువాడు ప్రతిమను నీడ అన్నాడు. వేదాంతపరిభాషలో నీడ ‘ప్రతిబింబం’, దానికి మూలమైనది ‘బింబం’. ఆగమకారులు గర్భాలయంలోని రూపాన్ని బింబం అన్నారు. ఈ దృష్టితో చూచినపుడు సన్నిధిలో నీడ మనమే, ఆకృతి ఆయనది.

ఇక ‘విగ్రహం’. విశేషంగా గ్రహింపదగినది, విడిగా గ్రహింపదగినది అని దాని అవయవార్థం. వ్యాకరణంలో సమాసాన్ని విడదీసి అర్థం తెలిపేది విగ్రహవాక్యం. రాజనీతిలో సంధికి వ్యతిరేకం విగ్రహం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రచించిన సంధి, విగ్రహాలు ఈ అర్థానికి సాక్ష్యం. శరీరం అనే అర్థం కూడ ఉన్నది. ‘ఆయనది నిండైన విగ్రహం’ అని మన పెద్దలు నేటికీ అంటారు. మారీచుడు రావణునికి శ్రీరాముని గురించి చెబుతూ ధర్మమే విగ్రహం దాల్చి వచ్చినదని హెచ్చరించిన ఘట్టం రామాయణపాఠకులకు సుపరిచితం. అక్కడ ‘విగ్రహం’ స్థానంలో ‘ఐడల్’ పెట్టి చూడండి. అర్థం అంతా భగ్నమవుతుంది. 

దేవతలకు విగ్రహం ఉన్నదా లేదా అని మన శాస్త్రకారులే తీవ్రంగా వాదించుకున్నారు. పూర్వమీమాంసకులు లేదన్నారు, వారికి మంత్రమే ప్రధానం. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యం దేవతాధికరణంలో ఉన్నదని సమర్థించారు. కాబట్టి రూపాన్ని ప్రశ్నించడం పరదేశం నుండి దిగుమతి అయిన సాహసం కాదు. ఆ ప్రశ్న మన ఇంటిలోనే పుట్టి పెరిగినది. కానీ మన పూర్వులు ప్రశ్న వేసినపుడు ఎదుటివానిని అవమానించే పదంతో మొదలుపెట్టలేదు.

దారువు, శిల, ఘటం

సికింద్రాబాదు మహంకాళి ఆలయచరిత్రయే ఈ తత్త్వానికి చక్కని వ్యాఖ్యానం. 1813లో సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా విషూచి వ్యాపించినది. వ్యాధి శాంతిస్తే తన ఊరిలో అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని ఆయన మహాకాళికి మ్రొక్కుకున్నాడు. 1815లో తిరిగివచ్చి ఇక్కడ దారుమూర్తిని ప్రతిష్ఠించాడు. 1864లో ఆ దారుమూర్తి స్థానంలో శిలామూర్తి వెలసినది. ఇది ఆలయసంప్రదాయం చెప్పే వృత్తాంతం.

ఇప్పుడు విచారించండి. అప్పయ్య పూజించినది కొయ్యనే అయితే, 1864లో కొయ్య పోయినపుడు దేవత కూడ పోవలసినది. భక్తులు మాత్రం మరొక దేవత వచ్చినదని అనుకోలేదు. ఉజ్జయిని తల్లియే దారువులో ఉన్నది, ఆ తల్లియే శిలలో ఉన్నది. బోనాల వేళ ఆ తల్లియే ఘటంలో ఆవాహితయై వీధులలో సంచరిస్తుంది. మరునాడు రంగంలో పచ్చికుండపై నిలిచిన స్త్రీ నోట ఆ తల్లియే పలుకుతుంది. కొయ్య, రాయి, కుండ, వాక్కు అనే నాలుగు ఆశ్రయాలలో ఒకే దేవతను గుర్తించిన భక్తుడు పదార్థాన్ని పూజిస్తున్నాడని అనుట ఎట్లు పొసగుతుంది? ఈ తత్త్వాన్ని నిలిపినవాడు పండితుడు కాడు, బరువులు మోసిన సామాన్యుడు అనేది మరింత గమనింపదగిన విషయం.

మట్టిగణపతి విషయమూ అంతే. మట్టితో చేసినపుడు అది ప్రతిమ. ప్రాణప్రతిష్ఠతో దేవత. ఉద్వాసన చెప్పిన తరువాత మరల మట్టి. అందుచేతనే నీటిలో కలుపగలుగుతున్నాము. మట్టినే దేవుడని నమ్మినవాడు దానిని నీటిలో ఎట్లు విడువగలడు?

ఆధునికన్యాయశాస్త్రం కూడ, ‘ఐడల్’ అనే మాటను వాడుతూనే, ఆ మాట పరిధిని దాటి వచ్చినది. దేవతామూర్తికి న్యాయపరమైన వ్యక్తిత్వం ఉన్నదని 1925లో ప్రివీ కౌన్సిల్ అంగీకరించినది. 2019 నాటి అయోధ్యతీర్పులో సర్వోన్నత న్యాయస్థానం, ఆ వ్యక్తిత్వానికి ఆధారం భక్తుల పుణ్యసంకల్పమనియు, మూర్తి ఆ సంకల్పానికి సాకారరూపమనియు వివరించినది. రాయి మాత్రమే అయితే దానికి ఆస్తి ఎందుకు, హక్కు ఎందుకు?

మెహబూబ్ కళాశాల నుండి చికాగో వరకు

1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మెహబూబ్ కళాశాలలో స్వామి వివేకానంద తన పాశ్చాత్యదేశయాత్ర ఉద్దేశాన్ని గురించి ఉపన్యసించారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 19న చికాగో సర్వమతసభలో హిందూధర్మంపై పత్రం చదివినపుడు ‘ఐడలట్రీ’ అనే నిందను వారు నేరుగా ఎదుర్కొన్నారు. మానసికరూపం లేకుండ దేనినీ భావించుట మనుష్యునికి సాధ్యం కాదని వారి వాదసారాంశం. సర్వవ్యాపకుడని పలికినవాడు సైతం ఆకాశాన్నో సముద్రాన్నో మనస్సులో చిత్రించుకుంటాడు.

భాగవతం ఏకాదశస్కంధం ఈ సంగతిని ముందే గుర్తించినది. అక్కడ ప్రతిమలు ఎనిమిది విధాలుగా చెప్పబడినవి. శిల, దారువు, లోహం, లేపనం, చిత్రం, ఇసుక, మణి – వీటితో పాటు ‘మనోమయి’ కూడ ఒక ప్రతిమయే! మనస్సులోని రూపాన్ని ప్రతిమల జాబితాలో చేర్చుట సామాన్యవిషయం కాదు. రాతిని నిరాకరించి, తన భావనలోని దైవాన్ని మాత్రమే సత్యమని నమ్మినవాడు కూడ ప్రతిమను విడువలేదు, ఎనిమిదింటిలో ఒకదానిని ఎన్నుకున్నాడు. 

ఆంగ్లతత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లో ప్రకటించిన గ్రంథంలో మనుష్యబుద్ధిని కప్పివేసే భ్రమలకు ‘ఐడల్స్’ అని పేరు పెట్టి వాటిని నాలుగుగా విభజించాడు. అందులో ఒకటి ‘విపణివీధి భ్రమ’. జనవ్యవహారంలోని మాటలను పరీక్షింపక వాడుట వలన కలిగే పొరపాటు అది. బేకన్ చెప్పిన ఆ భ్రమకు ‘ఐడల్’ అనే పదం కంటె మంచి ఉదాహరణం దొరకదు.

హెచ్చరికను స్వీకరిద్దాము

ఇంతమాత్రాన ఆ పదంలో ఉన్న హెచ్చరిక వ్యర్థమని నా అభిప్రాయం కాదు. పరిమితమైన దానిని పరమమని భ్రమించుట నిజమైన ప్రమాదమే. ఆ ప్రమాదాన్ని మన శాస్త్రాలు ఇతరుల కంటె కఠినంగా చెప్పినవి. ఇది అని చూపి ఉపాసించేది బ్రహ్మము కాదని కేనోపనిషత్తు నిష్కర్షగా పలికినది. సర్వభూతాలలో ఉన్న తనను ఉపేక్షించి అర్చను మాత్రమే పూజించేవాడు బూడిదలో హోమం చేసినవాడని కపిలమహర్షి దేవహూతికి ఉపదేశించాడు. 

ఈ వాక్యాలను మనకు మనమే అన్వయించుకోవాలి. ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగు మూర్తితో మొదలైన గణపతి ఉత్సవం 2024లో 70 అడుగులకు చేరినది. ఆ ఉత్సవంలో లక్షలమంది భక్తి ఉన్నది, దానిని తక్కువ చేయరాదు. కానీ వీధివీధినా ఎత్తులలో పోటీ పెరిగినపుడు, మన చూపు గణపతిపై ఉన్నదా కొలతపై ఉన్నదా అని ప్రతి భక్తుడు తన్ను తాను ప్రశ్నించుకోవాలి. కొలతపై ఉన్నట్లయితే అక్కడ ‘ఐడల్’ అనే మాట పాత నిందార్థంలోనే మనకు వర్తిస్తుంది. మందిరంలో పాలాభిషేకం చేసి, మందిరం బయట ఆకలితో ఉన్నవానిని చూడనివానికీ వర్తిస్తుంది.

మన తెలుగువాడుకలో ఉన్న లోపాన్ని కూడ అంగీకరించాలి. ట్యాంక్ బండ్‌పై ఉన్న మహనీయుల శిల్పాలను ‘విగ్రహాలు’ అంటాము, గర్భాలయంలోని మూర్తినీ ‘విగ్రహం’ అంటాము. ఆంగ్లంలో ‘స్టాట్యూ’ వేరు, ‘ఐడల్’ వేరు. స్మారకానికి, ఉపాస్యానికి నడుమ భేదాన్ని మనమే చెరిపివేసి, పరులు అర్థం చేసుకోలేదని నిందించుట న్యాయం కాదు. స్మారకానికి శిల్పం, ప్రతిమ అనే మాటలు ఉన్నవి. వాటిని వాడుదాము.

కాబట్టి నా మనవి ఇది. ఆంగ్లంలో వ్రాయునపుడు మూర్తి, విగ్రహం, అర్చ అనే మన పదాలనే అట్లే వ్రాయండి. గురు, కర్మ, అవతార్ అనే మాటలను స్వీకరించిన ఆంగ్లభాష వీటిని కూడ స్వీకరిస్తుంది. తప్పనిసరియైనచోట ‘డెయిటీ’ అనండి. ఆ పదం మన ‘దేవ’ శబ్దానికి బంధువు, అందులో నింద లేదు. ఎవరైనా ‘ఐడల్’ అంటే కోపించవద్దు. నూటికి తొంభైమంది చరిత్ర తెలియక అంటారే గాని అవమానించాలని కాదు. తెలిసినవారు వివరించాలి. ఆలయకార్యవర్గాలు తమ ఆంగ్లఫలకాలను ఒక్కసారి చదువుకొని, ఆ ఒక్క మాటను మార్చితే చాలు. ఖర్చు స్వల్పం, ఫలం అనల్పం.

అన్నింటికంటె ముఖ్యంగా పిల్లలకు చెప్పండి. మనం గుడికి వెళ్ళి ‘ప్రతిమను చూచి వచ్చాము’ అని అనము, ‘దర్శనం అయినది’ అంటాము. ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం జరుగుతుంది, అనగా మూర్తికి కన్నులు తెరువబడుతాయి. మనం చూచుటకు ముందే ఆమె మనలను చూస్తున్నదని భావం. ‘చూచుట’ అనే ధాతువు నుండి పుట్టిన గ్రీకుపదం చూడబడే వస్తువు దగ్గర ఆగిపోయినది. అదే ధాతువు నుండి పుట్టిన వేదం చూచేవానిని తెలుసుకొమ్మన్నది. మూర్తి ఎదుట నిలిచిన బాలుడు ఆ రెండవ మార్గంలో అడుగు పెట్టుటకు సరియైన పేరు నేర్పుటతోనే ప్రారంభించవచ్చును.

స్వస్తి.